పోయిన నాయనమ్మ ఫోన్ ఎత్తింది

ఆగస్టు 4

ఏమే పంతులమ్మా,

ఇక్కడ మేమంతా క్షేమం. అదే ఇప్పుడు మా కొంప ముంచుతోంది.

నీ మేనకోడలు గడుగ్గాయి కాలేజీకి దరఖాస్తు పెడుతోంది కదా. మార్కులకేమీ లోటు లేదు. కానీ ఆ కాలేజీవాళ్ళకు మార్కులు చాలవట, తన గురించి తనే ఒక వ్యాసం రాసి పంపాలట. 'నీ జీవితంలో ఎదురైన ఒక కష్టం, దాన్ని నువ్వు దాటిన తీరు' అని వాళ్ళే విషయం ఇచ్చారు. పదిహేడేళ్ళ పిల్లకి కష్టం ఎక్కణ్ణించి వస్తుందే? మీ అన్నయ్య కళ్ళద్దాల షాపు బాగానే నడుస్తోంది. మీ వదిన ఆసుపత్రిలో విరిగిన కాళ్ళకు నడక నేర్పించి, నవ్వుతూ ఇంటికొస్తుంది. నేనేమో గుండ్రాయిలా ఉన్నాను. పిల్ల తెల్లకాగితం ముందు కూర్చుని, "మీరందరూ కలిసి నా భవిష్యత్తు పాడుచేశారు" అని ఏడుస్తోంది.

మొన్న భోజనాల దగ్గర అందరం కూర్చుని ఆలోచించాం. మీ అన్నయ్య ధారాళంగా, "షాపు మూతపడిందని రాసుకోమ్మా, నేనేమీ అనుకోను" అన్నాడు. మీ వదిన ఊరుకుంటుందా? "అయితే నా జీతంతోనే ఇల్లు గడిచిందని కూడా రాయాలి మరి" అంది. దాంతో నిజంగానే పోట్లాట మొదలైంది. గడుగ్గాయి ఆశగా పెన్ను తీసింది. కానీ పళ్ళేలు కడిగేలోపే ఇద్దరూ రాజీపడిపోయారు.

మీ ఊళ్ళో పిల్లలందరి చేతా నువ్వు ఇలాంటి వ్యాసాలే రాయిస్తావు కదా, సొంత మేనకోడలికి ఒక ముక్క చెప్పకూడదా? అది నిన్ను అడగదు. "అత్త చెయ్యి పెడితే అత్తే రాసిందంటారు" అని దాని పంతం. అందుకే నేను దొంగచాటుగా రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఊరందరినీ కలిపినదాన్ని, ఇప్పుడు నా ఫోన్ నాకే సరిగ్గా వినపడదు. నేను మాట్లాడేది మాత్రం వీధి చివరిదాకా వినపడుతుందట. ఇంక రహస్యం ఏం మిగులుతుంది?

ఫోన్ అంటే గుర్తొచ్చింది. ఈ పిల్ల నా మంచం పైన ఎర్ర బల్బు ఒకటి బిగించింది. హాల్లో ఫోన్ మోగితే అది వెలుగుతుంది. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వెలిగి, ఇల్లు అంటుకుందేమోనని ఒక్క ఉదుటున లేచాను. ఇలాంటి చిల్లర పనులకు మాత్రం దానికి బోలెడు తీరిక.

నవ్వుతూ రాస్తున్నాను కానీ, పిల్ల ఆ కాలేజీ మీదే ప్రాణాలు పెట్టుకుంది. అక్కడ పెద్ద వర్క్‌షాపు ఉందట, దాని తాళంచెవి పిల్లల చేతికే ఇస్తారట. చిన్నప్పుడు ఒకసారి చూసొచ్చిన దగ్గర్నుంచీ అదే జపం. సీటు రాకపోతే దాని మొహం చూసే ధైర్యం నాకు లేదు. ఏదో ఒకటి చెప్పు.

ఇట్లు,
నిన్ను కన్నది

ఆగస్టు 12

అమ్మా,

నేను బంధువుల పిల్లలకు చెప్పనని నీకు తెలుసు. గడుగ్గాయి పంతమే రైటు. కానీ నా పద్ధతి చెప్తాను, దాచుకునేదేమీ కాదు.

చెప్పుల షాపు పైన నాకున్నది ఒక్క గది, ఒక పొడుగు బల్ల, డబ్బా నిండా పెన్సిళ్ళు. తల్లిదండ్రులను మెట్లెక్కనివ్వను. పిల్లల వ్యాసంలో నేను ఒక్క అక్షరం కూడా రాయను. ప్రశ్నలు అడుగుతాను, అంతే. రాసి తెచ్చాక చదివి, అందులో నిజమైన వాక్యం ఎక్కడుందో దాని కింద పెన్సిల్‌తో గీత గీస్తాను. మిగతాదంతా చింపి, ఆ ఒక్క వాక్యంతో మళ్ళీ మొదలుపెట్టాలి. కొన్ని వ్యాసాల్లో గీత గీయడానికేమీ దొరకదు. మొన్న ఒక అబ్బాయి కొండెక్కానని రాశాడు. "పైకెక్కాక ఏం తిన్నావురా?" అని అడిగాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈ ఏడాది నాకు నాయనమ్మలూ అమ్మమ్మలూ ఎక్కువయ్యారు. ఇప్పటికి పదకొండు మంది పోయారు. అందరూ మనవడి చెయ్యి పట్టుకునే పోతారు, పోతూ పోతూ 'బాగా చదువుకో' అంటారు. వాళ్ళలో ముగ్గురు కింద చెప్పుల షాపు ముందు కారులో కూర్చుని ఉంటారు, క్లాసు అయ్యాక మనవణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి. ఒకావిడ నన్ను పిలిచి, "మావాడు బాగా రాశాడా అమ్మా?" అని అడిగింది. నాకు ఆవిడ మొహం చూడటానికి సిగ్గేసింది. ఏం చెయ్యను, ఇలాంటివి చదివితే కాలేజీవాళ్ళు కళ్ళు తుడుచుకుని సీటు ఇచ్చేస్తారని పిల్లల నమ్మకం.

గడుగ్గాయిని ఒకటే అడుగు. ఎవరూ చెప్పకుండా, ఎవరూ మార్కులు వెయ్యకుండా అది ఏం పని చేస్తుంది? అది రాయమను. ఇంకో సంగతి, ఆ కాలేజీలో దరఖాస్తులు చూసే పెద్దావిడకు నేను బాగా తెలుసు. నాదీ గడుగ్గాయిదీ ఇంటిపేరు ఒకటే, ఇట్టే పోల్చేస్తుంది. పిచ్చిపనులు చెయ్యనివ్వకు.

నీ
పంతులమ్మ

ఆగస్టు 21

ఒసేయ్ బంగారుకొండా,

నీ సలహా అమోఘం. నాకు తట్టనేలేదు చూడు! ఊళ్ళో నాయనమ్మలందరూ మనవల చదువు కోసం నిక్షేపంలా పోతుంటే, నేనేమన్నా తక్కువ తిన్నానా? ఉత్తరం చదివిన వెంటనే గడుగ్గాయిని గదిలోకి పిలిచి తలుపేసి, "నన్ను చంపెయ్యవే" అన్నాను.

ముందు ఒప్పుకోలేదు. "ఛీ, అదేం మాట నాయనమ్మా" అంది. "మీ నాన్న షాపు ఇస్తానన్నాడు, నేను ప్రాణం ఇస్తానంటున్నాను, ఏది ఎక్కువ?" అన్నాను. గడువు దగ్గర పడుతోంది, చేతిలో కాగితం ఖాళీ. చివరికి సరేనంది.

మొదటిసారి రాసినప్పుడు నన్ను నిద్రలోనే రెండు లైన్లలో పంపించేసింది. నాకు ఒళ్ళు మండింది. తుఫాను రోజున కూడా ఊరి లైన్లన్నీ ఒంటిచేత్తో కలిపినదాన్ని, చడీచప్పుడూ లేకుండా పోతానా? చివరి మాటలు కావాలన్నాను. నువ్వే రాసివ్వమంది. రాసిచ్చాను. "ఇది పేజీన్నర ఉంది, పోయేవాళ్ళు ఇంతసేపు మాట్లాడరు" అంది. "నేను మాట్లాడతాను, నన్నెరగవా?" అన్నాను. బేరాలాడి నాలుగు వాక్యాలకు దిగాం.

ఒక్కచోట మాత్రం రాస్తూ రాస్తూ ఆగిపోయి, లేచి వెళ్ళి మొహం కడుక్కొచ్చింది. ఏమైందే అంటే చెప్పదు. రెండో పేరాలో నా బల్బు గోలేదో పెట్టింది. అంత గంభీరమైన చావు మధ్యలో బల్బేమిటి, తీసెయ్యమన్నాను. విన్లేదు.

నకలు జతచేశాను. నా చివరి మాటలు చదివి ఎలా ఉన్నాయో రాయి. మీ అన్నయ్యకూ వదినకూ తెలియదు, నువ్వూ నోరు జారకు.

ఇట్లు,
కాబోయే కీర్తిశేషురాలు

ఆగస్టు 29

అమ్మా!

నేను నీకిచ్చింది సలహా కాదు, నా గోడు చెప్పుకున్నాను! పదకొండు మంది పోయారని నేను తల పట్టుకుంటే, నువ్వు పన్నెండో చీటీ తీసుకుని వరసలో నిలబడ్డావా? ఆ వ్యాసం పంపకండి. పంపకండి. పంపకండి.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. గడుగ్గాయి బల్ల మీద నీ చేతిరాతతో 'నా చివరి మాటలు' అని పేజీన్నర కాగితం దొరికిందట. "అమ్మకు ఒంట్లో ఏదో పెద్దది వచ్చింది, మనకు చెప్పకుండా దాస్తోంది. ఈ మధ్య గది తలుపులు కూడా వేసుకుంటోంది" అన్నాడు. నువ్వు నోరు జారకన్నావు కాబట్టి, 'ఏమీ ఉండదులే' అన్నాను. దాంతో నాకు కూడా తెలుసని, అందరం కలిసి దాస్తున్నామని ఖాయం చేసుకున్నాడు. వెంటనే వాడికి నిజం చెప్పు.

ఇక నీ చావు. అమ్మా, అంత పెద్ద అబద్ధం నేను ఈ మధ్య చదవలేదు. నీ నాలుగు వాక్యాలూ ఉపన్యాసంలా ఉన్నాయి. కానీ నకలు తిప్పి పంపుతున్నాను, చూడు. అలవాటు కొద్దీ పెన్సిల్ తీశాను, ఒకచోట గీత పడింది.

'నాయనమ్మ పోయాక కూడా, ఫోన్ మోగితే ఆమె గదిలో ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. లేచి వెళ్ళేవాళ్ళే లేరు.'

ఇది జరగలేదు కదా, నిజమెలా అయింది అంటావు. జరగలేదు, కానీ ఆ పిల్ల దీన్ని ఊహించుకుని నిజంగానే భయపడింది. మొహం కడుక్కొచ్చింది ఇక్కడే అయ్యుంటుంది. దీన్ని చూపించి మిగతాదంతా చింపెయ్యమను. బల్బు నీకెందుకు బిగించిందో అడుగు. ఎవరూ చెప్పకుండా అది ఏం చేస్తుందని నేనడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది, నువ్వు వదిలేసిన ప్రశ్న కూడా అదే.

నీ
పంతులమ్మ

సెప్టెంబరు 7

ఏమే,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను పోయి మూడు రోజులైంది. అంటే వ్యాసం పంపేశాం.

మీ అన్నయ్యకు చెప్దామనే అనుకున్నాను. కానీ నువ్వు ఒక్కసారి ఇక్కడికొచ్చి చూడాలి! వాడు షాపు నుంచి త్వరగా వచ్చేసి నా కాళ్ళ దగ్గర కూర్చుంటున్నాడు. మీ వదిన దిండ్లు సర్దుతోంది. టీవీ రిమోట్ నా చేతిలోనే ఉంటోంది, వార్తల మధ్యలో ఛానల్ మార్చినా మీ అన్నయ్య పల్లెత్తు మాట అనడం లేదు. చచ్చేముందు ఇంత సుఖముంటుందని తెలిస్తే ఏనాడో మొదలుపెట్టేదాన్ని. ఇంకో నాలుగు రోజులు చూసి చెప్తాలే.

అసలు సంగతి విను. నిన్న ఇంట్లో ఎవరూ లేరు. ఎర్ర బల్బు వెలిగింది. ఎత్తాను. కాలేజీ నుంచి ఎవరో ఆవిడ. నీ పెద్దావిడేనేమో, గొంతు బడిగంటలా ఉంది, నాకే స్పష్టంగా వినపడింది. వ్యాసం చదివారట, గడుగ్గాయిని ఈ నెల ఇరవై నాలుగున ముఖాముఖి మాట్లాడటానికి రమ్మన్నారు. ఇంట్లోవాళ్ళు కూడా ఎవరైనా రావచ్చట.

"మీ ఇంట్లో జరిగినదానికి చాలా బాధగా ఉందండి. ఆవిడ చాలా గొప్ప మనిషిలా ఉన్నారు" అంది.

నా గురించి అంత మంచి మాట అన్నాక ఫోన్ ఎలా పెట్టేస్తానే? "మీకు ఏ ముక్క బాగా నచ్చింది?" అన్నాను.

"ఆ బల్బు మాటండీ" అంది.

"చివరి మాటలు నచ్చలేదా?" అన్నాను.

"అవునూ, మీరెవరు మాట్లాడేది?" అంది. నాకు కంగారులో పాత అలవాటు ముందుకొచ్చింది. "ఎక్స్ఛేంజీ! లైన్లో ఉండండి" అని టక్కున పెట్టేశాను.

గడుగ్గాయికి చెప్తే నవ్వుతుందనుకున్నాను. పిలుపొచ్చిందని ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఏదీ లేదు. గోడకేసి తిరిగి పడుకుంది. నేను మాత్రం ఇరవై నాలుగున గది దాటను, చచ్చినట్టు పడుంటాను. పిల్లకు సీటొస్తే చాలు.

ఇట్లు,
కీర్తిశేషురాలు

సెప్టెంబరు 13

అమ్మా,

నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. ఆ పెద్దావిడ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

ఆవిడకు నేనే నిజం రాసేద్దామని కాగితం తీశాను. రెండు లైన్లు రాసి చింపేశాను. నేను చెప్తే అది కూడా అత్త రాసిచ్చిన వ్యాసమే అవుతుంది. చెప్పాల్సింది గడుగ్గాయి. చెప్తే సీటు పోవచ్చు. చెప్పకపోతే వచ్చిన సీటులో నాలుగేళ్ళు నువ్వు చచ్చే ఉండాలి. సెలవులకు స్నేహితుల్ని ఇంటికి తీసుకొస్తే నిన్ను ఏ బీరువాలో దాస్తుందో అడుగు.

వేరే మాటేమీ చెప్పకు. గీత గీసిన కాగితం దాని చేతిలో పెట్టి బయటికి వచ్చెయ్. నీకు కష్టమే, తెలుసు. ఒక్కసారికి నోరు కట్టేసుకో.

అన్నయ్యకు చెప్పావా?

నీ
పంతులమ్మ

సెప్టెంబరు 28

అమ్మడూ,

కాగితం దాని చేతిలో పెట్టి బయటికొచ్చాను. నోరు కట్టేసుకోవడానికి నేను పడ్డ పాట్లు ఆ తలుపుకే తెలుసు.

ఇరవై నాలుగో తేదీ పొద్దున్నే వచ్చి, "నాయనమ్మా, తల దువ్వుకో, నువ్వు కూడా వస్తున్నావు" అంది.

"చచ్చినదాన్ని ఎలా వస్తానే?"

"అందుకే రమ్మంటున్నా."

మీ అన్నయ్యా వదినా పనులకు వెళ్ళాక బస్సెక్కాం. దారంతా నా చెయ్యి వదల్లేదు. కాలేజీలో పొడుగాటి వరండా, వరసగా బెంచీలు, వాటి నిండా మంచి బట్టలేసుకుని వణుకుతున్న పిల్లలు. మా పిలుపొచ్చింది. లోపల బల్ల వెనక ముగ్గురు. గడుగ్గాయి కుర్చీలో కూర్చోకుండా నిలబడే, "నమస్కారమండీ. ఈవిడ మా నాయనమ్మ. నేను వ్యాసంలో చంపేసింది ఈవిణ్ణే" అంది.

ఒకాయన చేతిలో పెన్ను జారి కింద పడింది. నడుమ కూర్చున్న బడిగంట గొంతావిడ నన్ను ఎగాదిగా చూసి, "లైన్లో ఉండమని పెట్టేసింది మీరేనా?" అంది.

"లైను కలవలేదమ్మా" అన్నాను. ఇంకేం అనను?

ఆవిడ నవ్వలేదు. నవ్వు ఆపుకుందేమో, నాకు తెలియదు. "ఎందుకిలా చేశావు?" అని పిల్లనడిగింది. "మీరు కష్టం అడిగారు. మా ఇంట్లో లేదు. నాయనమ్మ తన ప్రాణం ఇస్తానంది, తీసుకున్నాను. ఫోన్లో మీరు తనను పోయినావిడలాగా పొగిడారని తను సంబరంగా చెప్పింది. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించట్లేదు" అంది. తల మాత్రం దించలేదు.

ఆవిడ ఆ వ్యాసాన్ని బోర్లా తిప్పి పక్కకు నెట్టింది. "దీన్ని మేం లెక్కలోకి తీసుకోం. ఇంతకంటే చిన్న అబద్ధాలకే పంపించేశాం" అంది. కాసేపటికి నాలుగు తెల్లకాగితాలు తీసి, "పక్క గదిలో కూర్చో. మిగతావాళ్ళతో మాట్లాడటం అయ్యేలోపు ఇంకోటి రాసివ్వు. సీటిస్తానని మాత్రం అనుకోకు" అని, నావైపు తిరిగి, "మీరు బయట బెంచీ మీద" అంది. ఎంత సరిగ్గా పట్టిందే నన్ను!

ఏం రాసిందో నేను అడగలేదు. నిజం, అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు అదే చెప్పింది, నాకు బల్బు ఎందుకు బిగించిందో రాసిందట. "సీటు రాకపోయినా ఫర్లేదు నాయనమ్మా. నిన్ను చంపి వెళ్తే ఆ వర్క్‌షాపులో నాకు చెయ్యాడదు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఎవరు చూస్తే నాకేమని బస్సులోనే ఏడ్చాను. కానీ నాకు ఫర్లేదు కాదే, ఆ సీటు రావాలి. నా మూలంగా పోతే నేను తట్టుకోలేను.

ఇంటికొచ్చి మీ అన్నయ్యకు అంతా చెప్పాం. ముందు నన్ను కావలించుకున్నాడు. తర్వాత నన్ను చెడామడా తిట్టాడు. తర్వాత రిమోట్ లాక్కున్నాడు.

ఇట్లు,
మీ అమ్మ, ప్రాణాలతో

అక్టోబరు 10

అమ్మా,

పెద్దావిడ నాకు ఫోన్ చేసింది. "రెండోది నువ్వు చూశావా?" అని సూటిగా అడిగింది. లేదన్నాను. "చూసుంటే ఇంత గజిబిజిగా ఉండనిచ్చేదానివి కాదులే" అంది. అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో అర్థం కాలేదు. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు, అడిగితే పద్ధతి కాదు. కానీ అమ్మా, ఇన్నేళ్ళలో ఏ పిల్లకోసమూ నేను ఇంతగా గోళ్ళు కొరుక్కోలేదు.

నా గదిలో ఒక మార్పు చేశాను. నాయనమ్మలనూ అమ్మమ్మలనూ మెట్లెక్కనిస్తున్నాను. మనవడు వ్యాసం పైకి చదువుతుంటే ఎదురుగా కూర్చోవాలి. ఆనాటి నుంచీ నా దగ్గర ఒక్క చావు కూడా లేదు. కొండెక్కినవాడి అమ్మమ్మయితే, "వీడు మేడ మెట్లే ఎక్కడు" అని మొదటి రోజే చెప్పేసింది.

నీ
పంతులమ్మ

నవంబరు 2

ఒసేయ్,

బల్బు వెలిగింది. ఎత్తాను. అదే బడిగంట గొంతు.

"నాయనమ్మగారేనా? ఇంకా ఉన్నారా?" అంది.

"మీరు చెప్పేదాన్ని బట్టి ఉంటుందమ్మా" అన్నాను.

సీటిచ్చారు! ఈసారి లైన్లో ఉండమని పెట్టెయ్యకుండా ఆవిడతో పూర్తిగా మాట్లాడాను. నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. గడుగ్గాయి ఇప్పుడు నా మంచమెక్కి గెంతుతోంది, అందుకే అక్షరాలు ఇలా వంకరగా పడుతున్నాయి.

ఇట్లు,
నేనే

జనవరి 24

పంతులమ్మా,

గడుగ్గాయి హాస్టలుకి వెళ్ళింది. వర్క్‌షాపు తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతోందట. ఇల్లు బోసిపోయింది. మీ అన్నయ్య, వదిన పోట్లాడుకుంటే పెన్ను పట్టుకుని పక్కన కూర్చునేవాళ్ళు లేరు, అందుకని పోట్లాటలు కూడా తగ్గిపోయాయి.

వెళ్ళేముందు బల్బు తుడిచి, వైర్లు బిగించి, "రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాను నాయనమ్మా. నా గొంతు నీకు ఎలాగూ సరిగ్గా వినపడదు, మోకాళ్ళు నొప్పి పెట్టుకుని లేవద్దు. బల్బు వెలిగితే నేనే అనుకో, చాలు" అంది.

రోజూ వెలుగుతోంది. మీ అన్నయ్య "లేవక్కర్లేదని చెప్పింది కదమ్మా" అంటాడు. వాడు ఆ వ్యాసం సరిగ్గా చదవలేదు. నువ్వు గీత గీసిన ముక్క నేను మర్చిపోలేదు. ఎంతసేపు పట్టినా లేచి వెళ్తున్నాను. అటువైపు అది ఏదో గలగలా చెప్తుంది, నాకు సగం కూడా తెలియదు. "ఆఁ, వింటున్నాను" అంటాను. పెట్టేసేదాకా అక్కడే నిలబడతాను.

ఏళ్ళ తరబడి నువ్వూ నేనూ ఉత్తరాలతోనే సరిపెట్టుకున్నాం, నాకు వినపడదని. ఆ నంబరు నీకు కూడా తెలుసు.

ఇట్లు,
లైన్లో ఉన్న
మీ అమ్మ